పాల వేళ తప్పని ఫోను వ్యాపారం
నాగారం పరిసరాల చిన్న పాడిదారులకు కొన్ని సూచనలు

ఇ.సి.ఐ.ఎల్. నుండి కీసరకు పోయే దారిలో నాగారం ఉన్నది. 1967లో ఇ.సి.ఐ.ఎల్., 1971లో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ వెలసిన నాటి నుండి పట్నం ఈ వైపునకు నడిచి వస్తూనే ఉన్నది. బాహ్య వలయ రహదారి పడిన తరువాత ఆ నడక పరుగైనది. రాంపల్లి, దమ్మాయిగూడ, చీర్యాల, కీసర, అటు శామీర్‌పేట, తూముకుంట వరకు జొన్న చేలు, గడ్డి బీళ్ళు ఇళ్ళ స్థలాలుగా మారినవి. మేతకు భూమి తగ్గింది. పచ్చిగడ్డి మోపు కోసం ఇప్పుడు దూరం పోవలసి వస్తున్నది.

అయితే ఇదే మార్పు మరొక మేలు తెచ్చింది. పాలు, పెరుగు, నెయ్యి కొనే కుటుంబాలు మన గడప ముందుకు వచ్చి చేరినవి. వారి చేతిలో ఫోను ఉన్నది, మన చేతిలోనూ ఉన్నది. కనుక సంఘానికి పాలు పోసి, మిగిలిన కొద్ది పాలతో పెరుగు తోడుపెట్టి, నెయ్యి కాచి, వాట్సాప్ ద్వారా కాలనీలలో అమ్ముకునే సభ్యులు పెరుగుతున్నారు. చాలా ఇళ్ళలో ఈ పని ఆడవారి చేతి మీదుగా సాగుతున్నది. ఇది మంచిదే. చిన్నదైనా ఇది వ్యాపారం. వ్యాపారానికి సరుకు ఎంత ముఖ్యమో సమయం అంత ముఖ్యం.

ఇక్కడే చిక్కు వస్తున్నది. ఫోను ద్వారా అమ్మకం పెరిగిన కొద్దీ ఫోనుకు ఇచ్చే సమయమూ పెరుగుతున్నది. ఆ సమయం ఆకాశం నుండి ఊడిపడదు. పశువు దగ్గర గడపవలసిన సమయం నుండే అది పోతుంది. పాడిదారుడు ఫోనులో ఎంత చక్కని బొమ్మ పెట్టినా, పాకలో గేదె చూడి నిలవకపోతే వచ్చే ఏడు అమ్మడానికి పాలుండవు. కనుక పాల వేళలను బట్టి ఫోను వేళలు పెట్టుకోవాలే గాని, ఫోనును బట్టి పాల వేళలు మార్చుకోరాదు. దీనిని ఎలా ఆచరణలో పెట్టవచ్చునో చూద్దాం.

పశువుకు తన గడియారం ఉన్నది

పాడి పనులలో కొన్నిటిని వాయిదా వేయవచ్చు. పాక గోడకు సున్నం రేపు వేసినా ఫరవాలేదు. కొన్ని పనులు మాత్రం ఆ నిమిషానికే జరగాలి. అటువంటివి ముఖ్యంగా నాలుగు.

మొదటిది పాలు పితకడం. పొదుగు కడిగి, దూడను విడిచిన తరువాత గేదె చేపుతుంది. ఆ చేపు కొద్ది నిమిషాలు మాత్రమే నిలుస్తుంది. అయిదు నుండి ఏడు నిమిషాలలో పితకడం పూర్తి కావాలి. మధ్యలో ఫోను మోగిందని లేచిపోతే చేపు తగ్గి పాలు పొదుగులో ఉండిపోతవి. అట్లా మాటిమాటికీ జరిగితే పాలు తగ్గుతవి, పొదుగువాపుకూ దారి తీస్తుంది. పైగా ఫోను పట్టిన చేతితో మళ్ళీ చన్ను పట్టడం శుభ్రత కాదు. పాకలోకి పోయేటప్పుడు ఫోనును ఇంట్లో గూటిలో పెట్టి పోవడం మంచి అలవాటు.

రెండవది పాలను సంఘానికి చేర్చడం. పితికిన పాలు వెచ్చగా ఉంటవి. ఎంత ఆలస్యమైతే సూక్ష్మజీవులు అంతగా పెరుగుతవి. కేంద్రంలో పాలను నాలుగు డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబరుస్తారు. ఆ కూలరు దాకా చేరే లోపల జరిగిన నష్టాన్ని ఏ కూలరూ సరిచేయలేదు. ఒక్క సభ్యుని పులిసిన పాలు కలిస్తే క్యాను మొత్తం చెడుతుంది. కనుక ఈ ఆలస్యం పక్కవారికి కూడా నష్టమే.

మూడవది పితికిన వెంటనే మేత వేయడం. పితికిన తరువాత సుమారు అరగంట వరకు చనుమొన రంధ్రం తెరచుకుని ఉంటుంది. ఆ సమయంలో పశువు పడుకుంటే నేలమీది మురికి లోపలికి పోతుంది. ముందు మేత ఉంటే అది నిలబడి తింటుంది.

నాలుగవది, అన్నిటికంటె ఎక్కువగా మరచిపోయేది, ఎదను కనిపెట్టడం. గేదెకు 21 రోజులకొకసారి ఎద వస్తుంది. అది సుమారు 12 నుండి 24 గంటలు ఉంటుంది. ఆవు ఎదకు వస్తే పాకంతా తెలుస్తుంది. గేదెలో చాలాసార్లు అది మూగ ఎద. తీగలాగా సాగే తేటైన స్రావం, మాటిమాటికీ మూత్రం పోయడం, ఆ పూట పాలు తగ్గడం, అరవడం వంటి గుర్తులు పొద్దుపోయాక, తెల్లవారుజామున ఎక్కువగా కనబడతవి. ఉదయం గుర్తిస్తే సాయంత్రం, సాయంత్రం గుర్తిస్తే మరునాడు ఉదయం కృత్రిమ గర్భధారణ చేయించాలి. ఒక్క ఎద తప్పితే మళ్ళీ 21 రోజులు ఆగాలి. వచ్చే ఈత అన్ని రోజులు వెనక్కి పోతుంది. అన్ని రోజుల మేత, దాణా ఖర్చు మాత్రం ఆగదు.

రాత్రి తొమ్మిది గంటలకు చాలా ఇళ్ళలో జరిగేదేమిటి? ఫోను చూడడం. ఎద కనబడేదీ ఆ వేళనే. నష్టం ఎక్కడ జరుగుతున్నదో దీనిని బట్టి తెలుస్తుంది.

ముందు ఏడు రోజులు లెక్క రాయండి

కాలం ఎటు పోతున్నదో తెలియకుండా దానిని పొదుపు చేయలేము. సంఘంలో పాల పుస్తకం ఉన్నట్టే ఇంట్లో సమయం పుస్తకం ఒకటి ఏడు రోజులు రాయండి. పాత నోటుబుక్కు చాలు. మేతకు ఎంత, పితకడానికి ఎంత, సంఘానికి పోయి రావడానికి ఎంత, ఇళ్ళకు అందజేయడానికి ఎంత, ఫోనుకు ఎంత అని ఏ రోజుకారోజు వేయండి. ఫోనులో గడిపిన సమయాన్ని ఫోనే లెక్కగట్టి చూపుతుంది. సెట్టింగులలో ఆ పట్టిక ఉంటుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలనడిగితే తీసి చూపుతారు.

ఫోను సమయాన్ని రెండుగా విడదీయండి. గిరాకీలకు జవాబు, సరుకు బొమ్మ పెట్టడం, డబ్బు సరిచూసుకోవడం వ్యాపారం కిందికి వస్తవి. ఒక బొమ్మ పెట్టి, దానిని ఎందరు చూశారో పదిసార్లు తెరచి చూడడం, మధ్యలో వచ్చిన వీడియోల వెంట పోవడం వ్యాపారం కాదు. రోజుకు గంటన్నర అట్లా పోయిందనుకుంటే నెలకు 45 గంటలు. ఆ 45 గంటలలో పాక నేల సరిచేసుకోవచ్చు, గడ్డి ముక్కలు కొట్టుకోవచ్చు, లేదా హాయిగా నిద్రపోవచ్చు. పాడిదారునికి నిద్ర తక్కువైతే దాని ఫలితం మరునాటి పాలలో కనబడుతుంది.

ఫోనుకు రెండు వేళలు చాలు

రెండు పూటల పితుకుడుకు మధ్య సుమారు 12 గంటల ఎడం ఉండడం మంచిది. ఆ రెండు పూటలను కదలని గుంజలుగా పాతి, మిగతా పనులను వాటి చుట్టూ అల్లుకోవాలి. నాలుగైదు గేదెలున్న ఇంటికి ఈ కింది వరుస పనికివస్తుంది. ఎవరి వీలును బట్టి వారు అరగంట అటూ ఇటూ జరుపుకోవచ్చు.

ఉదయం 4.30: పాక శుభ్రం, ప్రతి పశువునూ ఒకసారి తేరిపార చూడడం.
5.00 నుండి 6.15: పితకడం, వెంటనే మేత వేయడం.
6.15 నుండి 7.00: సంఘానికి పాలు.
7.00 నుండి 8.30: ఇళ్ళకు అందజేత.
9.00 నుండి 11.30: పచ్చిమేత, పశువులను కడగడం, వెన్న తీయడం, నెయ్యి కాచడం.
11.30 నుండి 12.00: ఫోను మొదటి వేళ.
మధ్యాహ్నం: భోజనం, విశ్రాంతి.
4.30 నుండి 6.45: సాయంత్రం పితుకుడు, మేత, సంఘానికి పాలు.
7.30 నుండి 7.50: ఫోను రెండవ వేళ. ఎనిమిది గంటలకు మరునాటి గిరాకీ ముగింపు.
9.00: లాంతరో, టార్చిలైటో పట్టుకుని పాకలో చివరి చూపు.

మొదటి వేళ పదకొండున్నరకు పెట్టడానికి కారణం ఉన్నది. ఇళ్ళలో ఉదయపు హడావుడి తగ్గి ఆడవారు ఫోను చూసే సమయమది. ఏడున్నరకు ఉద్యోగులు ఇల్లు చేరుతారు. మొత్తం కలిపి రోజుకు 50 నిమిషాలు. ఈ వేళలను గిరాకీలకు ముందే తెలపాలి. ‘ఎప్పుడు రాసినా వెంటనే జవాబిస్తారు’ అనే పేరుకంటె ‘చెప్పిన వేళకు తప్పక జవాబిస్తారు’ అనే పేరు మంచిది. మొదటి పేరు నిలబెట్టుకోవడానికి రోజంతా కావాలి, రెండవదానికి 50 నిమిషాలు చాలు.

ఏ మాధ్యమం దేనికి?

సామాజిక మాధ్యమాలు అనేకం ఉన్నవి. అన్నిటిలోనూ ఉండాలనుకోవడం అన్ని సంతలకూ ఒకే రోజు పోవాలనుకోవడమే. నాగారంలో నాలుగు గేదెలున్న సభ్యుడు రోజుకు పది లీటర్ల కంటె ఎక్కువ బయట అమ్మలేడు. అతనికి కావలసినది పదివేల మంది చూపరులు కాదు. రెండు కిలోమీటర్ల లోపున ఉన్న ఇరవై ముప్ఫై కుటుంబాలు. కనుక మొదట ఒక్క వాట్సాప్‌ను బాగా వాడుకోవడం నేర్చుకుంటే సరిపోతుంది.

చిన్న వ్యాపారుల కోసం 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. సమయం మిగిల్చే సౌకర్యాలు అందులో కొన్ని ఉన్నవి. సరుకుల బొమ్మలు, ధరలు ఒకచోట పెట్టే జాబితా ఉన్నది. ‘నెయ్యి కిలో ఎంత?’ అని ముప్ఫైమంది అడిగితే ముప్ఫైసార్లు రాయనక్కరలేదు. మాటిమాటికీ రాసే జవాబులను దాచుకుని ఒక్క మీటతో పంపవచ్చు. పనిలో ఉన్నప్పుడు ‘ఇప్పుడు పాలు పితికే వేళ. ఏడున్నరకు జవాబిస్తాము’ అని దానంతట అదే పోయే సందేశం పెట్టుకోవచ్చు. డబ్బు ఇచ్చినవారు, ఇవ్వవలసినవారు అని పేర్లకు గుర్తులు తగిలించుకోవచ్చు.

అందరినీ ఒక గ్రూపులో వేయడంకంటె బ్రాడ్‌కాస్ట్ జాబితా మేలు. గ్రూపులో ఒకరి నంబరు మరొకరికి తెలుస్తుంది. దానికి ఇష్టపడనివారు, ముఖ్యంగా స్త్రీలు, ఉంటారు. ఒకరు శుభోదయం అంటే నలభైమంది శుభోదయం అంటారు, మన సందేశం అడుగున పడిపోతుంది. బ్రాడ్‌కాస్ట్‌లో ఎవరికి వారికి విడిగా అందుతుంది, జవాబు మనకొక్కరికే వస్తుంది. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. మన నంబరును తమ ఫోనులో రాసుకున్నవారికే అది చేరుతుంది. కనుక మొదటిసారి సరుకు ఇచ్చినప్పుడే ‘మా నంబరు రాసుకోండి’ అని చెప్పాలి.

ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్ వంటివి సంఘం స్థాయిలో పనికివస్తవి. ఒక్కొక్క సభ్యుడు వాటి వెంటపడవలసిన అవసరం లేదు.

వారానికి మూడు మాటలు

రోజూ ఏదో ఒకటి పెట్టాలనే తొందరలోనే సమయం పోతుంది. వారానికి మూడు సందేశాలు చాలు. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక గంటలో ఆ వారానికి కావలసినవన్నీ రాసి పెట్టుకోవాలి. మిగతా రోజులలో వాటిని పంపడమే పని.

సోమవారం సరుకు మాట. ఈ వారం ఎన్ని లీటర్ల పాలు, ఎంత పెరుగు, ఎంత నెయ్యి ఇవ్వగలమో, ధర ఎంతో చెప్పాలి.

గురువారం తెలివిడి మాట. కొన్నవారికి వచ్చే సందేహాన్ని ఒకదానిని తీర్చాలి. ఉదాహరణకు గేదె నెయ్యి తెల్లగా, ఆవు నెయ్యి పసుపుగా ఎందుకుంటుంది? పచ్చిగడ్డిలో కెరొటిన్ అనే పసుపు పదార్థం ఉన్నది. గేదె దానిని విటమిన్ ఏగా మార్చివేస్తుంది. ఆవు పాలలోకి అది కొంత అలాగే వస్తుంది. తెల్లని నెయ్యి కల్తీ అని అనుమానపడే పట్నవాసులకు ఈ నాలుగు ముక్కలు చెప్తే అనుమానం తీరుతుంది. నెయ్యి నెమ్మదిగా చల్లారితే పూస కడుతుంది, త్వరగా చల్లారితే కట్టదు. ఇది మరొక వారానికి. పచ్చి పాలను ఇల్లు చేరగానే ఎందుకు కాచుకోవాలి అన్నది ఇంకొక వారానికి.

శనివారం ఇంటి మాట. పాక, మేత, కొత్తగా పుట్టిన దూడ, ఇవి ఒక బొమ్మ చాలు. పాటలు, రంగులు అక్కరలేదు. పాక శుభ్రంగా ఉంటే బొమ్మ దానంతటదే మాట్లాడుతుంది. శుభ్రంగా లేకపోతే ముందు ఊడ్చి తరువాత బొమ్మ తీయాలి. ఆ విధంగా ఫోను వల్ల పాకకు కూడా మేలే.

ఒకే మాటను క్రమం తప్పకుండా చెప్పడంలో ఎంత బలమున్నదో సహకార పాడి రంగమే లోకానికి చూపింది. 1946లో రెండు గ్రామ సంఘాలతో, రోజుకు 247 లీటర్ల పాలతో మొదలైన ఖేడా యూనియన్ తరువాత అమూల్ అయింది. 1966లో సిల్వెస్టర్ డకూనా సంస్థ ఆ వెన్నకు చుక్కల గౌను పాప బొమ్మను తెచ్చింది. అప్పటి నుండి అదే పాప, అదే వెన్న. మారేది ఆనాటి విషయం గురించిన ఒకటి రెండు వాక్యాలే. ప్రతి బొమ్మకూ తన అనుమతి కోసం ఆగనక్కరలేదని కురియన్ వారికి స్వేచ్ఛ ఇచ్చారు. దీనిలో మనకు మూడు పాఠాలున్నవి. ముఖం మార్చకూడదు. మాట చిన్నదిగా ఉండాలి. పంపే బాధ్యత ఒక్కరిదే కావాలి.

సరుకు లెక్క తరువాతనే మాట

‘ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్నట్టు వెన్న తీయక ముందే నెయ్యికి గిరాకీలు పట్టడం చిన్న వ్యాపారంలో పెద్ద పొరపాటు. ఏ సందేశం ఏ రోజున పంపాలో నిర్ణయించేది గేదె. ఆ లెక్క ఇలా వేసుకోవాలి.

పాలలో వెన్న 6 శాతం ఉన్నదనుకుంటే కిలో నెయ్యికి సుమారు 17 లీటర్ల పాలు కావాలి. మజ్జిగలో పోయే వెన్న ఎక్కువైతే ఇంకా ఎక్కువ కావాలి. సంఘానికి పోయగా, ఇంటికి వాడుకోగా రోజుకు 3 లీటర్లు మిగులుతున్నవనుకుందాం. కిలో నెయ్యికి దాదాపు ఆరు రోజులు. పండుగకు పదిమందికి అరకిలో చొప్పున 5 కిలోలు కావాలంటే 85 లీటర్లు, అంటే 28 లేక 29 రోజులు. కనుక నెల రోజుల ముందు నుండి వారం వారం వెన్న తీసి కాచుకుంటూ పోవాలి. మూడు కిలోలు డబ్బాలోకి వచ్చిన తరువాతనే మొదటి సందేశం పంపాలి. అదీ అయిదు కిలోలకే.

ధర లెక్క కూడా ఇదే దారి. సంఘంలో లీటరుకు 50 రూపాయలు వస్తున్నదని లెక్క కోసం అనుకుందాం. 17 లీటర్లకు 850 రూపాయలు. గ్యాసు, సీసా, పెట్రోలు, మన శ్రమ దీని మీద వేయాలి. మజ్జిగకు వచ్చేది ఉంటే అందులో తీసివేయాలి. ఆ తరువాత నిలిచిన మొత్తం కంటె తక్కువకు నెయ్యి అమ్మితే సంఘానికి పాలు పోయడమే లాభం. ఈ లెక్క వేయకుండా, ఎవరో ఫోనులో తక్కువ ధర పెట్టారని మనమూ తగ్గిస్తే శ్రమ మిగులుతుంది, డబ్బు మిగలదు.

ఏడాదికి ఒక పట్టిక గోడకు కట్టుకోవాలి. మహాశివరాత్రికి కీసరగుట్ట జాతర, అభిషేకాలకు పాలు. ఎండాకాలంలో పెరుగు, మజ్జిగకు గిరాకీ ఎక్కువ, పాడి తక్కువ. జూన్ 1 ప్రపంచ పాల దినోత్సవం. ఆషాఢంలో బోనాలు, శ్రావణంలో పెళ్ళిళ్ళు, నోములు. సద్దుల బతుకమ్మకు పెరుగు సద్ది, దసరాకు నెయ్యి. నవంబరు 26 కురియన్ పుట్టినరోజు, దానినే 2014 నుండి జాతీయ పాల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. రంజాన్ నాడు షీర్ ఖుర్మాకు పాలు. ఈ పట్టిక పక్కనే ఏ గేదె ఎప్పుడు చూడి కట్టింది, ఎప్పుడు ఈనుతుంది, ఎప్పుడు వట్టిపోతుంది అన్నది రాయండి. గేదె సుమారు పది నెలలు మోస్తుంది. రెండు పట్టికలు పక్కపక్కన ఉంటే ఏ పండుగకు ఎంత మాట ఇవ్వవచ్చునో కళ్ళకు కడుతుంది.

కష్టం వచ్చినప్పుడు పంపే మాట

వ్యాపారానికి అసలు పరీక్ష సరుకు లేని రోజున. పొదుగువాపు వచ్చి డాక్టరు మందు వేస్తే ఆయన చెప్పినన్ని రోజులు ఆ గేదె పాలు ఎవరికీ పోయరాదు. సంఘానికీ పోయరాదు, గిరాకీకీ పోయరాదు. మందు అంశం పాలలోకి వస్తుంది. ఆ రోజులలో లోటు భర్తీ చేయడానికి నీళ్ళు కలపాలని, ఎక్కడివో పాలు తెచ్చి మన పాలని ఇవ్వాలని బుద్ధి పుడుతుంది. అక్కడ పేరు ఒక్కసారి పోతే ఎన్ని బొమ్మలు పెట్టినా తిరిగి రాదు.

ఇటువంటి రోజు కోసం ఒక సందేశం ముందే రాసి దాచుకోండి. ‘అమ్మా, మా ఒక గేదెకు వైద్యం జరుగుతున్నది. డాక్టరుగారు చెప్పే వరకు దాని పాలు అమ్మము. కనుక శుక్రవారం వరకు మీకు అర లీటరు మాత్రమే ఇవ్వగలము. మిగతా డబ్బు వచ్చే నెల లెక్కలో తగ్గిస్తాము.’ ఇంతే. ఇది చదివి గిరాకీ మానుకునేవారు తక్కువ. మీ పాలను నమ్మి పిల్లలకు పట్టేవారు ఎక్కువవుతారు.

ఎవరైనా పాలు విరిగాయని ఫిర్యాదు చేస్తే నలుగురిలో వాదించవద్దు. వెంటనే విడిగా ఫోను చేసి మాట్లాడాలి. ఏ పూట పాలు, ఎప్పుడు కాచారు అని మర్యాదగా అడిగి, మన తప్పయితే మరునాడు పాలు ఉచితంగా ఇవ్వాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది.

చట్టం, డబ్బు విషయంలో జాగ్రత్తలు

పాలన్నీ సహకార సంఘానికే పోసే సభ్యునికి ఆహార భద్రతా సంస్థ వద్ద విడిగా నమోదు అక్కరలేదు. కాని పాలు, పెరుగు, నెయ్యి బయట అమ్మేవారు, ఎంత చిన్నవారైనా, నమోదు చేసుకోవాలి. 14 అంకెల నంబరు వస్తుంది. దానిని సీసా మీద, వాట్సాప్ జాబితాలో చూపితే గిరాకీకి నమ్మకం.

మన నెయ్యి తింటే ఫలానా రోగం పోతుందని రాయరాదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నది. ఫోనులో పెట్టిన సందేశమూ ప్రకటనే. అలాగే సమాఖ్య గుర్తును, పేరును సొంత సరుకు మీద వాడరాదు.

డబ్బు ఫోనులో తీసుకునేవారు ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టవలసిన పని ఎప్పుడూ లేదు. ‘ఇరవై కిలోల నెయ్యి కావాలి, ముందే డబ్బు పంపుతాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అని కొత్తవారు ఫోను చేస్తే అది మోసం. పిన్ కొడితే మన డబ్బే పోతుంది.

సంఘం చేయగలిగిన సాయం

ఒక్కొక్క సభ్యుడు ఒక్కొక్క ఫోనుతో పడే శ్రమను సంఘం చాలావరకు తగ్గించవచ్చు. సంఘం పేరున ఒక పేజీ పెట్టి, చదువుకున్న ఒక యువతికో యువకునికో ఆ పని అప్పగించవచ్చు. గురువారపు తెలివిడి మాటను సంఘమే రాసి సభ్యులందరికీ పంపితే ముప్ఫై ఇళ్ళలో ఎంతో సమయం మిగులుతుంది. పాల సేకరణ వేళలు, దాణా వచ్చిన రోజు, పశువైద్య శిబిరం తేదీ, బిల్లు చెల్లించే రోజు వాట్సాప్‌లో తెలిపితే సభ్యులు కేంద్రం చుట్టూ తిరిగే పని తప్పుతుంది. సర్వసభ్య సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టడం మంచిది.

ఇదే సందర్భంలో మరొక మాట. బయట నాలుగు రూపాయలు ఎక్కువ వస్తున్నవని సంఘానికి పోసే పాలు తగ్గించడం దూరదృష్టి కాదు. పండుగ నాడు కాలనీలో గిరాకీ పెరుగుతుంది. సెలవులలో అందరూ ఊళ్ళకు పోతే ఒక్కసారిగా పడిపోతుంది. ఆ రోజున మన పాలన్నీ తీసుకునేది సంఘమే. పాడి పొంగే కాలంలోనూ, గిరాకీ లేని కాలంలోనూ తలుపు తెరచి ఉండేది అదొక్కటే. మీ సంఘం ఉపవిధులలో సభ్యుడు ఎన్ని రోజులు, ఎంత పాలు పోయాలన్నదీ రాసి ఉంటుంది, కార్యదర్శినడిగి తెలుసుకోండి. సంఘం వాటా తీసిన తరువాత మిగిలినదే ఫోను సరుకు.

ఈ వారమే మొదలు పెట్టవలసినవి

1. ఏడు రోజుల సమయం లెక్క రాయండి.
2. పాకలోకి ఫోను తీసుకుపోవడం మానండి.
3. ఫోనుకు రెండు వేళలు పెట్టి గిరాకీలకు తెలపండి.
4. ఆదివారం ఒక గంటలో మూడు సందేశాలు రాసి ఉంచండి.
5. పండుగల పట్టిక, పశువుల పట్టిక పక్కపక్కన గోడకు కట్టండి.
6. సరుకు చేతికి వచ్చిన తరువాతనే మాట ఇవ్వండి.
7. రాత్రి తొమ్మిదికి ఫోను కింద పెట్టి ఒకసారి పాకలోకి పోయి చూడండి.

ఈ ఏడింటిలో ఒక్కటే చేయగలిగితే చివరిదే చేయండి. ఆ పది నిమిషాల చూపులో ఒక్క ఎద దొరికినా, దాని ఫలితం పది నెలల తరువాత దూడ రూపంలో, పాల రూపంలో ఇంటికి వస్తుంది. అప్పుడు శనివారం నాటి బొమ్మకు వెదుక్కోవలసిన పనీ ఉండదు.